మానును వంచిన మనిషి

మొక్కై వంగనిది మానై వంగునా యని మన పెద్దల సామెత. బాలురను బాల్యముననే తీర్చిదిద్దవలెనని బోధించుటకు ఉపాధ్యాయులు నేటికిని దీనిని వాడుచుందురు. నీతి విషయమున ఈ మాట ఎంత సత్యమైనను, వడ్రంగము విషయమున దీనిని తలక్రిందులు చేసిన పనివాడొకడు పందొమ్మిదవ శతాబ్దమున యూరపు ఖండమునందు ఉండెను. మానై పెరిగిన గట్టి కర్రను అతడు తీగవలె వంచి కుర్చీ చేసెను. ఆ కుర్చీని దేశదేశముల వర్తక ప్రదర్శనములందు నిలిపి లోకమున వ్యాపింపజేసెను. అతడే మైకేల్ థోనెట్.

థోనెట్ 1796వ సంవత్సరము జూలై 2వ తేదీన రైను నదీతీరమందలి బొప్పార్డ్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి తోళ్ళు పదును చేయువాడు. కుమారుడు వడ్రంగము నేర్చి 1819లో సొంత పనిశాల పెట్టుకొనెను. ఆ కాలమున కుర్చీకి వంపు తీర్పవలెనన్నచో వడ్రంగి పెద్ద దుంగను తెచ్చి, వంపునకు కావలసినంత మాత్రము ఉంచి, తక్కినదంతయు చెక్కి పారవేయుచుండెను. కలప వ్యర్థమగును, శ్రమ అధికమగును, నార తెగుటచేత వంపు ఉన్నచోటనే కర్ర బలహీనపడును. చెక్కుటకు మారుగా వంచినచో నేమి యను ప్రశ్న థోనెట్ మనస్సున పుట్టెను. బైరెడ్డిపల్లె, పలమనేరు ప్రాంతములందు గంపలు, తడికలు అల్లు మేదరివారు వెదురుబద్దను సెగకు చూపి వంచుట ఎరిగినవారికి ఈ ప్రశ్న వింతగా తోచదు. కాని వెదురు వేరు, మాను వేరు.

1830 ప్రాంతమున అతడు తన ప్రయోగములను ఆరంభించెను. చెక్కను పలుచని పొరలుగా తీసి, కట్టగట్టి, జిగురులో ఉడికించి, అచ్చులలో బిగించి ఆరబెట్టెను. ఆరిన పిదప ఆ వంపు నిలిచిపోయెను. 1836 నాటికి ఈ విధముగా కుర్చీలు చేయగలిగెను. అయితే ఆ విధానముపై హక్కు సంపాదించుటకు స్వదేశమగు ప్రష్యాలో చేసిన యత్నము ఫలింపలేదు. ప్రయోగములకును, హక్కుల వేటకును చేసిన అప్పులు మాత్రము పెరిగెను.

ఇట్టి దశలో 1841లో కోబ్లెంజ్ నగరమున జరిగిన ప్రదర్శనమునందు అతడు తన సామానులను ఉంచెను. ఆస్ట్రియా సామ్రాజ్యమున సర్వాధికారియై వెలుగుచుండిన మెటర్నిక్ ప్రభువు కోబ్లెంజ్‌లో పుట్టినవాడు. అతడు ఆ కుర్చీలను చూచి, థోనెట్‌ను వియన్నాకు రమ్మని ప్రోత్సహించెను. 1842లో థోనెట్ వియన్నా చేరెను. ఆ జూలైలోనే కర్రను వంచు విధానముపై రాజశాసనముచే హక్కు లభించెను. కాని అదే కాలమున బొప్పార్డులో ఋణదాతలు అతని ఆస్తిని జప్తు చేయించిరి. నలువది ఆరేండ్ల వయస్సున, భార్యాపుత్రులతో పరాయి నగరమున, ఒకరి క్రింద పనివాడుగా అతడు బ్రతుకు మరల మొదలు పెట్టెను. కార్ల్ లైస్ట్లర్ అను పేరుమోసిన సామానుల తయారీదారుతో కలిసి లీక్టెన్‌స్టైన్ రాజభవనమునకు నేలచెక్కపనియు, కుర్చీలును చేసెను. 1849లో తిరిగి సొంత పనిశాల నెలకొల్పెను. వియన్నాలోని డౌమ్ కాఫీశాల తన గిరాకీదారుల కొరకు అతని కుర్చీలను కొనెను. రాజభవనమునుండి కాఫీశాలకు ఆ కుర్చీ నడచివచ్చుట అతని జీవితమున పెద్ద మలుపు.

1851లో లండను నగరమున సర్వదేశ ప్రదర్శనము జరిగెను. జోసెఫ్ పాక్స్‌టన్ అను తోటమాలి ఊహించిన ఆ గాజుమేడ పొడవు 1,848 అడుగులు. దాని ఇనుప భాగములను, గాజు పలకలను వేర్వేరు తావులలో చేసి తెచ్చి, ఒకచోట కూర్చి నిలిపిరి. చూడవచ్చినవారు 60 లక్షలకు పైబడిరి. భారతదేశపు విభాగమున తిరువాన్కూరు మహారాజు పంపిన దంతపు సింహాసనము ఉండెను. మన విశాఖపట్టణపు పనివారును 18వ శతాబ్దమునందే ఏనుగుదంతము పొదిగిన కుర్చీలు, పెట్టెలు చేసి ఆంగ్లేయుల మెప్పు పొందియుండిరి. ఆ పనితనము అద్భుతము; కాని అది ధనికుల ఇండ్లకే పరిమితము. లండను ప్రదర్శనమందు ఉంచబడిన యూరపు సామానులును ఇట్టివే. లైస్ట్లర్ చేసిన శిల్పములతో నిండిన బ్రహ్మాండమైన పుస్తకముల బీరువా విక్టోరియా రాణికి ఆస్ట్రియా చక్రవర్తి కానుకయైనది. వాని నడుమ థోనెట్ వంపు కుర్చీలు సన్నని గీతలవలె కనబడెను. అతనికి కంచు పతకము లభించెను. అతడు పంపినవియు జిట్రేగి జాతి ఖరీదైన కలపతో చేసినవే యగుటచే, సామాన్యుని కుర్చీ ఇంకను పుట్టలేదనియే చెప్పవలెను.

1853లో థోనెట్ వ్యాపారమును ఐదుగురు కుమారుల పేరిట మార్చెను. మార్గదర్శకత్వము మాత్రము తనదే. 1855లో పారిస్ ప్రదర్శనమున వెండి పతకము వచ్చెను. సముద్రముల కావలినుండియు కుర్చీలకు కోరికలు వచ్చెను. విజయముతోపాటు చిక్కును వచ్చెను. తేమ గల ఉష్ణదేశములలో జిగురు వదలి చెక్క పొరలు విడిపోసాగెను. ఇక జిగురు లేకుండ నిండు కర్రనే వంచక తప్పలేదు.

నిండు కర్ర ఏల విరుగునో అతడు గుర్తించెను. వంచునపుడు లోపలివైపు నొక్కుకొనును, వెలుపలివైపు సాగును. ఆవిరిపట్టిన కర్ర నొక్కుడును ఓర్చుకొనును గాని సాగుటను ఓర్వజాలక చీలును. అందుచే అతడు వెలుపలివైపున ఒక ఇనుప బద్దను బిగించెను. బద్ద సాగదు; కనుక దాని కానుకొనిన కర్రయు సాగక, నొక్కుకొనుచు వంగెను. పిదప దానిని ఇనుప అచ్చున నిలిపి ఆరబెట్టిరి. 1856లో ఈ విధానమునకు హక్కు లభించెను. మరుసటి సంవత్సరము మొరేవియాలోని బీచ్ అడవుల చెంత కొరిచాన్ గ్రామమున కర్మాగారము వెలసెను.

1859లో 14వ సంఖ్య గల కుర్చీ వెలువడెను. ఆరు కర్ర ముక్కలు, పది మరలు, రెండు బిరడలు, ఇంతే దాని సామగ్రి. విప్పి సర్దినచో ఒక ఘనమీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టును. చేరిన ఊరిలో ఎవరైనను మర త్రిప్పి బిగించుకొనవచ్చును. దానితో ఓడ కూలి తగ్గెను, వెల తగ్గెను, కాఫీశాలలు దానిని వందలకొలది కొనసాగెను. 1930 నాటికి ఇట్టి కుర్చీలు సుమారు 5 కోట్లు అమ్ముడుపోయెనని లెక్క. హైదరాబాదు ఇరానీ హోటళ్ళలో చాయ్ త్రాగినవారు ఆ కుటుంబమునకు చెందిన వంపుకర్ర కుర్చీలలో కూర్చున్నవారే.

ఇందు ఒక విషాదమును దాగియున్నది. కర్మాగారమున పని ముక్కలు ముక్కలుగా విడిపోయెను. ఒకడు కోయును, ఒకడు వంచును, స్త్రీలు నునుపు చేసి బేతము అల్లుదురు. కుర్చీని ఆమూలాగ్రముగ చేయగల వడ్రంగితో అచట పనిలేకపోయెను. స్వయముగా గొప్ప వడ్రంగియైన థోనెట్, వడ్రంగి అక్కరలేని కుర్చీని సృష్టించెను. సామాన్యునికి చౌకగా ఆసనము దొరకుటకు ఆ వృత్తి చెల్లించిన మూల్యమిది. ఈ లాభనష్టములలో ఏది పెద్దదో విద్యార్థులు తరగతిలో చర్చింపదగును.

1867లో పారిస్ ప్రదర్శనమున థోనెట్ సంస్థకు బంగారు పతకము లభించెను. 1869లో హక్కు గడువు తీరి పోటీదారులు బయలుదేరిరి. 1871 మార్చి 3వ తేదీన వియన్నాలో అతడు కన్నుమూసెను. 1925లో పారిస్‌లో జరిగిన అలంకార కళల ప్రదర్శనమున లె కార్బుజియే అను వాస్తుశిల్పి తన నూతన గృహపు నమూనాను నిలిపినపుడు, అందులకు కొత్త కుర్చీలు చేయింపక థోనెట్ కుర్చీలనే తెచ్చి వేసెను. సామాన్యమైన కాఫీశాల కుర్చీ ఆధునిక గృహమునకు తగిన ఆసనముగా అట్లు గౌరవింపబడెను. విడిభాగములుగా వచ్చి, నిలబడి, ప్రదర్శనము ముగియగనే విప్పబడు నేటి అంగళ్ళ సామానులలోను థోనెట్ ఆలోచనయే కనబడును.

మన సామెత దీనివలన అసత్యము కాలేదు. థోనెట్ మానును బలముతో వంచలేదు. ముందు ఆవిరితో మెత్తపరచెను. చీలిపోవు వైపున ఆసరా బిగించెను. ఆరువరకు ఓపికతో నిలిపెను. ఆలస్యముగా బడికి వచ్చిన పిల్లవానిని, వయస్సు మీరి అక్షరములు దిద్దువానిని ఇక వంగరని విడిచిపెట్టుటకు ముందు, ఉపాధ్యాయులు ఆ ఇనుప బద్దను ఒకసారి తలచుకొందురుగాక.