మాటలకు ముడివేసిన మాథర్స్

ఆదివారం పత్రికలో గళ్ల నుడికట్టు చూసి, ఆధారంలోని ప్రతి మాటా తెలిసినదే అయినా మొత్తం మీద ఒక్క ముక్క బోధపడక, పెన్సిలు పక్కన పెట్టినవారు మనలో చాలామందే ఉంటారు. ఇంగ్లీషు మన మాతృభాష కాదు గనుక అలా జరిగిందని చిన్నబుచ్చుకోనక్కరలేదు. ఇంగ్లీషువారి పరిస్థితీ అంతే. వారినలా తికమకపెట్టడం ఒక విద్యగా ఈ దేశంలో స్థిరపరచినవాడు ఎడ్వర్డ్ పోయిస్ మాథర్స్.

ఈయన 1892 ఆగస్టు 28న లండన్‌లోని ఫారెస్ట్ హిల్‌లో జన్మించాడు. తండ్రి పత్రికాధిపతి. చదువు స్కాట్లండులోని లోరెట్టో పాఠశాలలో, ఆ తరువాత ఆక్స్‌ఫర్డ్ ట్రినిటీ కళాశాలలో సాగింది. స్వతహాగా కవి. మన దేశంతో ఈయనకు ఒక చుట్టరికం ఉన్నదని పజిళ్ల అభిమానులలో కూడా కొద్దిమందికే తెలుసు. రాజకుమార్తెను ప్రేమించి మరణశిక్షకు గురైన కవి చెప్పినట్టుగా ప్రసిద్ధికెక్కిన బిల్హణుని చౌరపంచాశికను 1919లో ‘బ్లాక్ మేరీగోల్డ్స్’ అనే పేరుతో స్వేచ్ఛగా ఇంగ్లీషు చేసినది ఈయనే. అమెరికన్ నవలాకారుడు స్టైన్‌బెక్ 1945లో తన ‘కానరీ రో’ నవల చివర వాడుకున్నది ఈ అనువాదాన్నే. మార్‌డ్రూ ఫ్రెంచి పాఠం నుంచి వేయిన్నొక్క రాత్రుల కథలను కూడా మాథర్స్ 1923లో ఇంగ్లీషులోకి తెచ్చాడు.

ఇక గళ్ల సంగతి. లివర్‌పూల్‌లో పుట్టి అమెరికా వెళ్లిన ఆర్థర్ విన్ 1913 డిసెంబరు 21న ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో మొదటి క్రాస్‌వర్డ్ అచ్చువేశాడు. 1924 నాటికి ఆ వ్యసనం ఇక్కడికీ పాకింది. అప్పటి ఆధారాలు వట్టి నిఘంటు అర్థాలు. ‘జంతువు, మూడక్షరాలు’ అంటే ఎవరికి హుషారు పుడుతుంది? మాథర్స్‌కు పుట్టలేదు. అందుకని అర్థాన్ని చాటుగా దాచే ఆధారాలతోనే పజిళ్లు కట్టడం ఆరంభించాడు. 1926 నుంచి ‘అబ్జర్వర్’ పత్రికకు రాశాడు. పెట్టుకున్న పేరు టార్కెమాడా. పదిహేనవ శతాబ్దంలో స్పెయిన్ మతవిచారణ సభను నడిపిన కర్కోటకుడి పేరది!

ఈ రకం ఆధారంలో సాధారణంగా రెండు పాళ్లుంటాయి. ఒకటి జవాబుకు అర్థం, రెండవది ఆ మాటను కట్టే ఉపాయం. రెండూ కలిసి ఏదో మూడో సంగతి చెబుతున్నట్టు నటిస్తాయి. పిల్లలకు తెలుగులో ఇలా చెప్పవచ్చు: ‘బడిపిల్లవాని పలక తిరగబడి అడితికి చేరింది, మూడక్షరాలు.’ పిల్లవాడు పడిపోయాడేమోనని మనం కంగారుపడతాం. ‘పలక’ను తిరగేయండి. ‘కలప’ అవుతుంది, అడితిలో అమ్మేది అదే. అక్షరాలను చెల్లాచెదురు చేసే పద్ధతి కూడా ఇంగ్లీషు పజిళ్లలో విరివిగా ఉంటుంది. అష్టావధానంలో వ్యస్తాక్షరి చూసినవారికి అది కొత్తగా తోచదు. మాటను విరిచి రెండర్థాలు రాబట్టే సభంగ శ్లేష సంగతి సరేసరి. పదహారవ శతాబ్దంలో పింగళి సూరన ‘రాఘవపాండవీయము’ మొత్తాన్ని దానితో నడిపి, ఒకే పద్యంలో రామకథను, భారతకథను చెప్పాడు. ఆ రుచి ఎరిగిన ఇంటివారం, ఈ పజిళ్లకు బెదరనవసరం లేదు.

నల్ల గళ్లకు బదులు మందపు గీతలతో మాటలను విడదీయడం టార్కెమాడా పద్ధతి. ఆయన మాటలు ఎంచి ఇస్తే, వాటిని గళ్లలో పొందికగా అమర్చే పని భార్య రోజమండ్ చేసేది. ఆ తరువాత ఆయన ఆధారాలు రాసేవాడు. పత్రికలో పేరు మాత్రం ఒక్కటే. గళ్లు కుదర్చడమెంత కష్టమో ఒకసారి కూర్చుని ప్రయత్నించినవారికి తెలుస్తుంది. ఆ కీర్తిలో ఆమెకు సగం రావలసిందని నా అభిప్రాయం.

ఆయనలో లోపం లేకపోలేదు. ఉపాయమంతా తన బుర్రలోనే ఉంచుకుని, చదువరికి దారి చూపని ఆధారాలు అనేకం రాశాడు. మోసగించవచ్చు, అన్యాయం చేయకూడదన్న నీతి ఆయన నాటికింకా స్థిరపడలేదు. 1939 ఫిబ్రవరి 3న, నలభై ఆరేళ్లకే, హాంప్‌స్టెడ్‌లో ఆయన కన్నుమూసే సరికి అబ్జర్వర్‌లో సుమారు 670 పజిళ్లు వచ్చాయి. ఆ పీఠమెక్కిన మాక్‌నట్ అనే ప్రాచీన భాషల ఉపాధ్యాయుడు జిమెనిస్ అన్న మరో విచారణాధికారి పేరు పెట్టుకుని, 1966లో ప్రచురించిన గ్రంథంలో న్యాయమైన ఆధారానికి సూత్రాలు కట్టాడు. 1972లో వచ్చిన వారసుని పేరు ఏజెడ్. ఆ నాలుగు ఇంగ్లీషు అక్షరాలను వెనుకనుంచి చదివితే డెజా, ఇంకొక విచారణాధికారి!

మాథర్స్ వేసిన ముళ్లలోకెల్లా పెద్దది ‘కేయిన్స్ జాబోన్’. 1934లో తన పజిళ్ల పుస్తకంలో చేర్చిన హత్యల కథ ఇది. నూరు పుటలను కావాలనే క్రమం తప్పించి అచ్చువేయించాడు. చదువరి వాటిని సరిగా పేర్చి, హతులైన ఆరుగురెవరో, హంతకులెవరో చెప్పాలి. బహుమతి పదిహేను పౌండ్లు. ఆ రోజులలో సరిగ్గా విప్పినవారు ఇద్దరే. 2019లో ఈ పుస్తకాన్ని విడి పుటలుగా మళ్లీ అచ్చువేసి, వెయ్యి పౌండ్ల బహుమతి ప్రకటించారు. 2020లో, కోవిడ్ వల్ల అందరూ ఇంటిపట్టున ఉండిపోయిన కాలంలో, హాస్య రచయిత జాన్ ఫినెమోర్ ఆ నూరు పుటలూ పరుచుకుని, నెలల తరబడి కూర్చుని, ముడి విప్పాడు.