పేరులేని శిఖరములు: డోరతీ హాడ్జ్‌కిన్

సూడాను దేశమున తల్లిదండ్రులకడ నుండగా ఒక ఆంగ్ల బాలిక నల్లని ఖనిజ మొకదానిని పరీక్షింప బూనెను. కుటుంబ మిత్రుడైన జోసెఫ్ అను రసాయనజ్ఞుడు కావలసిన ద్రవ్యములిచ్చి, అది యేమో తేల్చుకొను మార్గమును చూపెను. తేలినది ఇల్మనైటు, మన భీమునిపట్నపు తీరమున నల్లయిసుకలో కనవచ్చునదియు నదియే. 1910 మే 12న కైరోలో జన్మించిన ఆ బాలికయే డోరతీ క్రోఫుట్. తెలియనిదానికి ఆధారముతో పేరుపెట్టు పని ఆమెను జీవితాంతము విడువలేదు.

ఆక్స్‌ఫర్డులో రసాయనశాస్త్రము చదివి, 1932లో కేంబ్రిడ్జిలో బెర్నాల్ పండితునికడ చేరెను. 1934లో వారిరువురును పెప్సిన్ అను మాంసకృత్తు స్ఫటికమును ఆరనీయక, దాని ద్రవములోనే ఉంచి ఎక్సు కిరణ చిత్రమును తీసిరి. ఇరువదినాలుగేండ్ల ఆ వయసుననే కీళ్లవాత మామె చేతులను పట్టెను. ఆ వ్రేళ్లతోనే సన్నని స్ఫటికముల నెత్తి నిలుపుచుండెను. 1937లో చరిత్రకారుడగు థామస్ హాడ్జ్‌కిన్‌ను వివాహమాడెను.

స్ఫటికముపై బడి చెదరిన కిరణముల తీవ్రతలను కొలిచి గణించినచో, ఎలెక్ట్రానులు దట్టముగా నున్న తావులను చూపు పటము లభించును. దేశపటమున కొండల యెత్తులను గీతలతో చూపినట్లే. ఎలెక్ట్రాను లెక్కువైనకొలది శిఖరము పొడవగును. కాని పటము పేర్లు వ్రాసి యీయదు. నీటి అణువునకు పది ఎలెక్ట్రానులు. సోడియము అయానుకును పది. మెగ్నీషియము అయానుకును పదియే! శిఖరపు టెత్తును మాత్రమే నమ్మినవాడు లోహమును నీరనియు, నీటిని లోహమనియు పొరబడును. ఇరుగుపొరుగులను విచారింపక తప్పదు. సెంటీమీటరులో పదికోట్లవ వంతును ఆంగ్‌స్ట్రామందురు. నీరు పొరుగు ఆక్సిజనుకు సుమారు 2.8 ఆంగ్‌స్ట్రాముల దూరమున నుండును. సోడియము సుమారు 2.4 దూరమున, మెగ్నీషియమైతే ఆరింటిని 2.1 దాపునకు లాగుకొనును. కొన్ని తరంగదైర్ఘ్యములకడ ఒక్కొక్క లోహము కిరణములను తనదైన రీతిని చెదరజేయును. ఇట్టి విలక్షణ చెదరింపును ప్రయోజనపఱచుటలో 1956లో మదరాసునుండి రామచంద్రన్, రామన్ అనువారు చేసిన కృషి ముఖ్యమైనది.

యుద్ధకాలమున పెన్సిలిన్ నిర్మాణముపై వివాదము రేగెను. మహారసాయనజ్ఞుడు రాబర్ట్ రాబిన్సన్ ఒక రూపమును పట్టుపట్టెను. ఒకే అమరిక గల పొటాసియము, రుబీడియము లవణముల స్ఫటికములను పోల్చి డోరతీ గీసిన పటమున, నాలుగు పరమాణువుల వలయము 1945 నాటికి స్పష్టమయ్యెను. తొలుత తనకు ఇన్సులిన్ స్ఫటికముల నిచ్చిన పెద్దకు ఎదురు చెప్పవలసివచ్చినను, ఆమె వెనుదీయలేదు.

ఆ ఇన్సులినే ఆమెకు దీర్ఘవ్రతమయ్యెను. తొలిచిత్రము 1935 నాటిది. ఆ స్ఫటికములకు జింకు అవసరమని టొరాంటోలో స్కాట్ 1934లోనే చూపియుండెను. జింకున్నదని రసాయనము చెప్పినది. ఎచ్చట, ఎట్లు పట్టుబడి యున్నదో చెప్పలేదు. నడుమ కోబాల్టు గల బి-12 విటమిన్ నిర్మాణమును తేల్చి, 1964లో నోబెల్ బహుమానము నందెను. బహుమానముకంటె ఇన్సులిన్‌పై ఆమె చూపిన ఓర్పే నాకు ఘనముగా తోచును.

1969లో పటము తెరచుకొన్నది. ఆ బృందమున మన దేశపు విజయన్ ఉండెను. ఒక అక్షము చుట్టును ఆరు ఇన్సులిన్ అణువులు. ఆ అక్షముపైననే రెండు జింకు అయానులు. ఒక్కొక్కదానిని మూడు అణువుల హిస్టిడిన్ కొనలు పట్టుకొని యుండెను. క్లోమమున ఇన్సులిన్ నిలువయుండునదియు ఇట్టి గుంపులుగనే. ఆ గుంపు విడిపోయిననే మందు రక్తమున పనిచేయును. మధుమేహ రోగులకు వేగముగ పనిచేయు ఇన్సులినులను పిమ్మట రూపొందించినవారు, ఈ విడిపోవుటను త్వరపఱచు మార్గమునే వెదకిరి.

అంతటితో ఆమె పని చాలింపలేదు. 1.5 ఆంగ్‌స్ట్రాముల సూక్ష్మతగల పటము 1988లో వెలువడినది. జింకుకు రెండవవైపున నున్నవి మూడు నీటి అణువులని అందు వివరముగ చూపబడెను. అప్పటి కామె వయసు డెబ్బదియెనిమిది. 1994 జూలై 29న కన్నుమూసెను.