మిషన్ బడిలో చదివిన ఆ పిల్లవాడు



సెప్టెంబరు 5 వస్తే మన బడుల్లో, మన ఆదివార బడుల్లో టీచర్లకు శాలువాలు కప్పుతాం. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి పటానికి దండ వేసి రెండు మాటలు చెబుతాం. ఆయన రాష్ట్రపతి అయ్యారనీ, గొప్ప తత్వవేత్త అనీ పిల్లలకు కూడా తెలుసు. ఆయన మన తిరుపతి లూథరన్ మిషన్ బడిలో చదువుకున్న సంగతి మాత్రం మన సంఘాల్లోనే చాలామందికి తెలియదు. అది మనకు సంతోషం కలిగించే సంగతే. కాని ఆయన జీవితాన్ని మొదటి నుండి చూస్తే సంతోషంతో పాటు మనం తల వంచుకోవలసిన చోటు కూడా ఒకటి ఉంది. ఈ వారం ఆ రెండూ మీ ముందు ఉంచుతున్నాము.

రాధాకృష్ణన్ గారు 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో పుట్టారు. ఆ ఊరు నేడు తమిళనాడులో ఉన్నా, 1960 వరకు మన చిత్తూరు జిల్లాలోదే. తెలుగు బ్రాహ్మణ కుటుంబం. ఇంటిపేరు నెల్లూరు జిల్లా సర్వేపల్లి నుండి వచ్చింది. తండ్రి వీరాస్వామి గారు ఒక జమీందారు దగ్గర చిన్న జీతానికి పనిచేసేవారు. ఇంట్లో భక్తి ఉంది గాని డబ్బు లేదు.

1865లో జర్మనీ దేశపు హెర్మాన్స్‌బర్గ్ మిషన్ వారు మన ప్రాంతానికి వచ్చి తెలుగువారి మధ్య సేవ మొదలుపెట్టారు. నేటి దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం ఆ సేవలోనుండి పుట్టినదే. తిరుపతిలో వారు నడిపిన బడిలో 1896లో ఎనిమిదేళ్ల రాధాకృష్ణన్‌ను చేర్చారు. కొండమీద వేంకటేశ్వరుని గుడి, కొండ కింద మిషన్ బడి. ఆచారం గల ఒక హిందూ కుటుంబం తమ బిడ్డను క్రైస్తవ బడికి అప్పగించిందంటే, ఆ టీచర్ల మీద ఎంత నమ్మకం ఉంచిందో ఆలోచించండి. ఈనాటికీ మన మిషన్ స్కూళ్ల గేటు దగ్గర అన్ని మతాల తల్లిదండ్రులూ అదే నమ్మకంతో పిల్లల చెయ్యి వదులుతున్నారు.

తరువాత ఆయన వెల్లూరులోని వూర్హీస్ కాలేజీలో, ఆపైన మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు. అవి కూడా మిషన్ సంస్థలే. చదువు సాగింది స్కాలర్‌షిప్పుల మీద. తత్వశాస్త్రం తీసుకోవడానికి ఒక కారణం, ఆ చదువు ముగించిన బంధువు ఒకరు తన పాత పుస్తకాలు ఇవ్వడం. కొత్త పుస్తకాలు కొనే స్తోమత లేని ఇంటి పిల్లవాడు ఆ పాత పుస్తకాలతోనే లోకమంతా పేరు పొందిన తత్వవేత్త అయ్యాడు.

మనం తల వంచుకోవలసిన చోటు ఇక్కడే ఉంది. ఆ కాలపు మిషన్ తరగతి గదుల్లో హిందూ మతం మీద కఠినమైన విమర్శ వినిపించేది. అమ్మానాన్నల దగ్గర నేర్చుకున్న విశ్వాసాన్ని గురువులే తక్కువ చేసి మాట్లాడుతుంటే ఆ కుర్రవాని మనసు గాయపడింది. తన మతంలో ఏది జీవమున్నదో, ఏది కాదో తానే వెదికి తెలుసుకోవాలన్న పట్టుదల ఆయనలో ఆ గాయం నుండే పుట్టిందని ఆయనే తరువాత రాసుకున్నారు. ఆయన బలమైనవాడు గనుక ఆ గాయాన్ని అధ్యయనంగా మార్చుకున్నాడు. అలా మార్చుకోలేక లోలోపలే కుంగిపోయిన పిల్లల పేర్లు ఏ చరిత్రలోనూ ఉండవు.

అయితే అదే కాలేజీలో మరో సంగతి కూడా జరిగింది. ఎం.ఎ. పట్టా కోసం ఆయన వేదాంతంలోని నీతి గురించి ఒక వ్యాసం రాశారు. దాన్ని చదివి తన క్రైస్తవ ఆచార్యుడైన ఏ.జి. హాగ్ గారు నొచ్చుకుంటారేమోనని భయపడ్డారు. హాగ్ గారు నొచ్చుకోలేదు సరికదా, పని చాలా బాగుందని మెచ్చుకుంటూ రాసి ఇచ్చారు. తాను ఒప్పుకోని అభిప్రాయాన్ని రాసిన శిష్యుణ్ణి కూడా న్యాయంగా తూచిన గురువు ఆయన. ఒక విద్యార్థిని కుంగదీసిన మాటా, లేవనెత్తిన మాటా రెండూ మన వాళ్ల నోటినుండే వచ్చాయి.

1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఉద్యోగంలో చేరాక ఆయన జీవితమంతా విద్యార్థుల మధ్యనే గడిచింది. 1918లో మైసూరు వెళ్లారు. 1921లో కలకత్తాకు బయలుదేరినప్పుడు మైసూరు విద్యార్థులు బండిని పూలతో అలంకరించి, గుర్రాలను విప్పేసి, తామే స్టేషను దాకా లాక్కుంటూ తీసుకెళ్లారు. 1931 నుండి 1936 వరకు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి, తరువాత కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా పనిచేశారు. ఆక్స్‌ఫర్డులోనూ బోధించారు.

స్వాతంత్ర్యం వచ్చాక, 1948లో, దేశంలోని విశ్వవిద్యాలయాల పరిస్థితిని పరిశీలించే కమిషన్‌కు ప్రభుత్వం ఆయనను అధ్యక్షునిగా నియమించింది. కర్నూలులో పుట్టి, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలోనే చదివి వైద్యుడైన ఏ. లక్ష్మణస్వామి మొదలియార్ గారు అందులో సభ్యులు. 1949లో వచ్చిన నివేదికలో సిలబస్, పరీక్షలు, జీతాల గురించి ఉన్నట్టే విద్యార్థుల క్షేమం గురించి కూడా ప్రత్యేకంగా ఉంది. కాలేజీలో చేరేటప్పుడూ, ఆ తరువాత ఏడాదికి ఒక్కసారైనా ప్రతి విద్యార్థికి పూర్తి ఆరోగ్య పరీక్ష జరగాలన్నారు. విశ్వవిద్యాలయానికి సొంత ఆసుపత్రి ఉండాలన్నారు. హాస్టళ్లు, వంటశాలలు, భోజనశాలలు శుభ్రంగా ఉన్నాయో లేదో తరచు తనిఖీ చేయాలనీ, తక్కువ ధరకు పోషకమైన మధ్యాహ్న భోజనం పెట్టాలనీ, వ్యాయామ విద్య తప్పనిసరి కావాలనీ, పేద విద్యార్థులకు స్కాలర్‌షిప్పులు కావాలనీ రాశారు. విద్యార్థుల కష్టసుఖాలు చూసుకోవడానికే ఒక డీన్ ఉండాలన్నారు.

వేదాంతం చెప్పే పండితునికి వంటశాల శుభ్రతతో పని ఏమిటని అనిపించవచ్చు. బైబిలు చదివేవారికి అది వింత కాదు. చనిపోవాలనిపించి బదరీ వృక్షం కింద పడుకున్న ఏలీయాకు దేవుడు ముందు నిద్ర ఇచ్చాడు, రొట్టె, నీళ్లు ఇచ్చాడు. పని అప్పగించింది ఆ తరువాతే. యాయీరు కుమార్తెను లేపిన మన ప్రభువు, ఆ ఆశ్చర్యం మధ్యలో కూడా, ఆ పిల్లకు తినడానికి ఏదైనా పెట్టమని చెప్పడం మరచిపోలేదు.

నేడు ఈ భారం కళాశాలను దాటి బడి దాకా వచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం బడిలో పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. 2020లో కేంద్రం మొదలుపెట్టిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రకారం ప్రతి ప్రభుత్వ బడిలో ఇద్దరు టీచర్లు, వీలైతే ఒక పురుషుడు, ఒక స్త్రీ, శిక్షణ పొంది పిల్లలకు పోషణ, మనోస్థైర్యం, మత్తు పదార్థాల కీడు వంటి విషయాలు నేర్పాలి. చట్టం మంచిదే. కాని ఎదురుగా కూర్చున్న పిల్లవాని ముఖం వాడిపోయిందని గమనించేది చట్టం కాదు, టీచరు.

ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో రాత్రి ఫోన్ మోగితే కాపరుల గుండె ఎలా ఝల్లుమంటుందో మాకు తెలుసు. అందుచేత మన సంఘాలను మూడు సంగతులు అడుగుతున్నాము. మిషన్ స్కూళ్లు, హాస్టళ్లు నడిపే కమిటీలు ఈసారి మీటింగులో ఫలితాల శాతం కంటే ముందు వంటగది, తాగునీరు, మరుగుదొడ్ల సంగతి చూడండి. ఏడాదికి ఒకసారి పిల్లలందరికీ వైద్య పరీక్ష చేయించండి. సంఘాల్లో డాక్టర్లు, నర్సులు ఉన్నారు గదా. ఆదివార బడి టీచర్లారా, పిల్లవాని మార్కులను, ఇంటి పేదరికాన్ని, కులాన్ని, అతని తల్లిదండ్రుల మతాన్ని పదిమందిలో ఎత్తిచూపకండి. తల్లిదండ్రులారా, మీ బిడ్డ రోజుల తరబడి తినక, నిద్రపోక, మాట్లాడక ఉంటే ప్రార్థన చేయండి, డాక్టరు దగ్గరకూ తీసుకెళ్లండి. ప్రభుత్వపు ఉచిత ఫోన్ సేవ టెలీ మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడవచ్చు. సహాయం అడగడం విశ్వాసలోపం కాదు.

1962లో రాధాకృష్ణన్ గారు రాష్ట్రపతి అయినప్పుడు, ఆయన పుట్టినరోజు జరుపుతామని వచ్చినవారిని దానికి బదులు ఆ రోజును ఉపాధ్యాయుల దినంగా జరపమని కోరారు. ఆయన 1975 ఏప్రిల్ 17న మద్రాసులో కన్నుమూశారు. మన విశ్వాసాన్ని ఆయన స్వీకరించలేదు. అయినా మన బడిలో కూర్చున్న బిడ్డే. ఈ ఉదయం కూడా తిరుపతిలో, చిత్తూరులో, మదనపల్లెలో మన బెంచీల మీద అటువంటి పిల్లలు కూర్చున్నారు. వారిలో ఎవరు ఏమవుతారో మనకు తెలియదు. టిఫిన్ తినకుండా వచ్చినవాడెవడో, రాత్రంతా ఏడ్చి వచ్చినదెవరో మాత్రం అడిగితే తెలుస్తుంది. అడిగే మనసు మన టీచర్లందరికీ ప్రభువు దయచేయును గాక. ఆమేన్.