గని కూలీ, ప్రధాని, ప్రవాసి

రెజ్యూమేలో ఏడాది గ్యాప్ ఉంటే చాలు, ఇంటర్వ్యూలో ఏం చెప్పాలా అని కంగారు పడిపోతాం కదా? అయితే ఓస్కారి తొకోయ్ గురించి మీరు తెలుసుకోవాల్సిందే.

1873లో ఫిన్లాండ్‌లోని కన్నుస్‌లో పుట్టారు. టీనేజ్‌లోనే అమెరికా వెళ్లి గనుల్లో కూలీగా పనిచేశారు. 1900లో తిరిగొచ్చి సోషల్ డెమోక్రాట్ నాయకుడిగా ఎదిగారు. 1913లో పార్లమెంటు స్పీకర్. 1917లో సెనేట్ అధిపతి, అంటే నేటి లెక్కలో ప్రధాని. అప్పటికి ఫిన్లాండ్ ఇంకా రష్యా కిందే ఉంది.

1918 అంతర్యుద్ధంలో ఎర్రదళాల వైపు నిలబడి ఆహార సరఫరా చూసుకున్నారు. ఆ పక్షం ఓడిపోవడంతో రష్యాకు పారిపోయారు. అక్కడ బోల్షెవిక్‌లతోనూ పడలేదు. వాళ్లకు ఎదురు నిలిచిన బ్రిటిష్ సైన్యం నడిపే మర్మాన్‌స్క్ దళంలో చేరారు. దాంతో సొంత దేశానికీ ద్రోహే, పాత కామ్రేడ్లకూ ద్రోహే!

కెనడా మీదుగా 1921లో మళ్లీ అమెరికా చేరారు. వయసు అప్పటికే 48. మసాచుసెట్స్‌లోని ఫిచ్‌బర్గ్‌లో ఫిన్నిష్ పత్రిక 'రైవాయా'లో పనిచేస్తూ కొత్త కెరీర్ మొదలెట్టారు. 1944లో ఫిన్లాండ్ పార్లమెంటు ఆయన కోసం ప్రత్యేక చట్టం చేసి శిక్ష భయం తొలగించింది. 1949లో సొంతగడ్డను చూసొచ్చారు గానీ, 1963లో మసాచుసెట్స్‌లోనే కన్నుమూశారు.

ఆయన నిర్ణయాలన్నీ కరెక్టని నేను అనను. ఒక్కటి గమనించండి. పదవి పోయింది, పార్టీ పోయింది, దేశమూ పోయింది. మిగిలింది మాతృభాష, రాజకీయ అనుభవం. నలభై ఎనిమిదేళ్ల వయసులో బతుకును మళ్లీ కట్టుకోవడానికి ఆయన చేతిలో ఉన్న పెట్టుబడి అదే. మీ చేతిలో ఏముందో ఓసారి లెక్కేసుకోండి.