అప్పు పత్రాలను నదికి అప్పగించిన వర్తకుడు: సంత్ తుకారాం

పుణె నగరానికి చేరువలో, ఇంద్రాయణి నదీతీరాన దేహూ అనే గ్రామం ఉంది. పదిహేడవ శతాబ్దారంభంలో ఆ ఊరిలో ఒక కుణబీ కుటుంబం సేద్యంతో పాటు ధాన్య వ్యాపారం, వడ్డీ వ్యాపారం సాగించేది. ఇంటి ఇలవేల్పు పండరిపుర విఠ్ఠలుడు. పూర్వీకుడైన విశ్వంభరుడు ప్రతిష్ఠించినట్లు చెప్పే విఠ్ఠలుని గుడి కూడా ఆ ఊరిలోనే ఉండేది. ఆ ఇంట బోల్హోబా, కనకాయి దంపతులకు తుకారాం జన్మించారు. జన్మ సంవత్సరంపై పండితుల్లో భేదాభిప్రాయాలున్నా 1608ని ఎక్కువ మంది అంగీకరిస్తారు.

పెద్దకుమారుడు సావజీకి లౌకిక వ్యవహారాలపై ఆసక్తి లేకపోవడంతో, చిన్నతనంలోనే వ్యాపార భారం తుకారాంపై పడింది. తొలి భార్య రఖుమాబాయి ఉబ్బసంతో బాధపడుతుండగా, పుణెకు చెందిన జిజాబాయితో పెద్దలు ఆయనకు రెండవ వివాహం చేశారు. అనంతరం తల్లిదండ్రులు కన్నుమూశారు. భార్యను కోల్పోయిన అన్న తీర్థయాత్రలకు వెళ్లిపోయారు.

అప్పుడు కరవు వచ్చింది. 1630లో దక్కను, గుజరాత్ ప్రాంతాల్లో వర్షాలు ముఖం చాటేశాయి. పల్లెలు ఖాళీ అయ్యాయి, పశువులు కళేబరాలయ్యాయి. ధాన్యం అమ్మే ఇంట్లోనే అన్నం కరవైంది. రఖుమాబాయి ఆకలితో అలమటించి మరణించారు, చిన్న కుమారుడూ దక్కలేదు. వ్యాపారం దివాలా తీసింది. ఊరిలో పెద్దమనిషిగా తిరిగిన ఇంటి బిడ్డకు నలుగురిలో తలెత్తుకోలేని స్థితి ఏర్పడింది. ఈ అవమానాన్ని, భార్య మరణాన్ని తుకారాం తన అభంగాలలో దాచుకోకుండా చెప్పుకున్నారు. ఆయన జీవితంలోని ఈ భాగానికి కాబట్టి కథల ఆధారం అవసరం లేదు.

ఇంత జరిగిన తరువాత దైవాన్ని నిందించడం సహజం. తుకారాం మాత్రం శిథిలమైన విఠ్ఠలుని గుడిని బాగుచేయడానికి పూనుకున్నారు. ఆ గుడిలో ఏకాదశి నాటి సంకీర్తనలలో ఇతరుల వెనుక నిలబడి వంత పాడేవారు. భామ్‌నాథ్, భండారా కొండలపై ఒంటరిగా కూర్చుని జ్ఞానేశ్వర్, నామదేవ్, ఏక్‌నాథ్, కబీర్‌ల రచనలను కంఠస్థం చేశారు. స్వప్నంలో నామదేవ్ కనిపించి కవిత్వం చెప్పమని ఆదేశించారని ఆయనే చెప్పుకున్నారు.

ఆ రోజుల్లోనే కుటుంబానికి ఇతరులు బాకీపడిన పత్రాలను తమ్ముడు కాన్హోబాతో పంచుకుని, తన వాటాకు వచ్చిన సగాన్ని ఇంద్రాయణిలో వదిలేశారని సంప్రదాయం చెబుతుంది. తమ్ముడి వాటా తమ్ముడికే ఇచ్చేయడం గమనించదగినది. తన వైరాగ్యానికి అయ్యే ఖర్చును మరొకరి చేత కట్టించరాదని ఆయన తలచారేమో. అయితే జిజాబాయి విషయంలో ఆ జాగ్రత్త అంతగా కనిపించదు. పిల్లలతో ఇల్లు నెట్టుకొచ్చిన ఆమెను జనశ్రుతి గయ్యాళిగా చిత్రించింది. అదే జనశ్రుతి, భర్త ఆకలి తెలిసి రొట్టెలు మూటగట్టుకుని కొండెక్కిన ఇల్లాలిగానూ ఆమెను చూపింది. తుకారాం పొందిన ఆనందానికి మూల్యంలో కొంత భాగం ఆమె చెల్లించారన్నది కాదనలేని సత్యం.

ఆ ఆనందం కూడా ఒక్కనాడు కలిగినది కాదు. అభంగాలలో ఆయన విఠ్ఠలునితో కలహిస్తారు, అలుగుతారు, అసలు వింటున్నావా అని నిలదీస్తారు. క్రమంగా స్వరం మారుతుంది. సంపద పోవడమే మేలైందనీ, కరవు తనను దేవుని వద్దకు చేర్చిందనీ చెప్పగలిగే స్థితికి చేరుకుంటారు. సంతోషం ఆయనకు ఏకాంతంలో కన్నా, తాళాలు పట్టిన పదిమంది నడుమ పాడుతున్నప్పుడే నిండుగా దక్కింది. పొలం, అంగడి, తూనిక, వడ్డీ వంటి తన వృత్తి పదాలతోనే దైవాన్ని వర్ణించడం వల్ల రైతులు ఆ పాటలను తమవిగా భావించారు.

శూద్రుడు ధర్మం బోధించడమేమిటని వాఘోలీకి చెందిన పండితుడు రామేశ్వర భట్టు ఆక్షేపించారు. రాతప్రతులు ఇంద్రాయణిలో మునిగాయి. తుకారాం పదమూడు రోజులు నిరాహారంగా నది ఒడ్డున కూర్చున్నారనీ, ప్రతులు తడవకుండా పైకి తేలాయనీ భక్తుల విశ్వాసం. నది మహిమ మాట ఎలా ఉన్నా, రామేశ్వర భట్టు తరువాత ఆయన అనుయాయి అయ్యారు. బ్రాహ్మణ స్త్రీ బహిణాబాయి ఆయనను గురువుగా స్వీకరించి, ఆ వృత్తాంతాన్ని తన ఆత్మకథాత్మక పద్యాలలో భద్రపరిచారు. శివాజీ పంపిన కానుకలను తుకారాం తిప్పి పంపారని కూడా చెబుతారు.

1650 ప్రాంతంలో, ఫాల్గుణ బహుళ విదియనాడు ఆయన జీవితయాత్ర ముగిసింది. సశరీరంగా వైకుంఠం చేరారని భక్తులు నమ్ముతారు. ఆయన పేరిట లభించిన దాదాపు 4,500 అభంగాలను బొంబాయి ప్రభుత్వ సహాయంతో 1869-73 మధ్య ముద్రించారు. యరవాడ జైలులో ఉండగా 1930లో గాంధీజీ వాటిలో కొన్నింటిని ఆంగ్లంలోకి అనువదించారు. తెలుగువారిలో అనేకులకు ఈ కథ 1973లో అక్కినేని నాగేశ్వరరావు నటించిన భక్త తుకారాం చిత్రం ద్వారా పరిచయమైంది.

తండ్రి నిర్యాణం తరువాత జన్మించిన నారాయణ్ 1685లో ఆయన పాదుకలను పల్లకిలో ఉంచి పండరిపురానికి యాత్ర ఆరంభించారు. నేటికీ ఏటా తొలి ఏకాదశికి చేరుకునేలా ఆ పల్లకి దేహూ నుంచి బయలుదేరుతుంది. స్త్రీలు శిరస్సుపై తులసి కోటలతో, పురుషులు చేతుల్లో తాళాలతో, వానలో తడుస్తూ, నాలుగు శతాబ్దాల నాటి ఆ అభంగాలను పాడుకుంటూ దాని వెంట నడుస్తారు.