పల్లె పిల్లల చేతికి పని నేర్పిన పునీతుడు

ప్రతి సంవత్సరం జనవరి 31న శ్రీసభ పునీత జాన్ బోస్కో పండుగను కొనియాడుతుంది. 'డాన్' అన్నది ఇటలీలో గురువులకు ఇచ్చే గౌరవ పదం. అందుచేత ఆయన లోకానికి డాన్ బోస్కోగానే పరిచయం. నవ్వు ముఖంతో, చుట్టూ పిల్లలతో ఉన్న ఆయన పటం మన గుడులలో, బడులలో చాలామంది చూసే ఉంటారు. అయితే ఆ పిల్లలు ఎవరు? ఎక్కడి నుండి వచ్చారు? ఆయన వారికి ఇచ్చినదేమిటి? ఈ ప్రశ్నలకు జవాబు తెలుసుకోవడం పట్టణాల్లోని పెద్ద విద్యాసంస్థలకంటే రెడ్డిగూడెం వంటి పల్లె విచారణలకే ఎక్కువ అవసరం. ఎందుకంటే ఆ పిల్లల్లో చాలామంది పొలాలు, కొండలు విడిచి కూలికోసం పట్నం చేరిన పల్లె పిల్లలు. వారిని చేరదీసిన గురువు కూడా పల్లెలో పుట్టి పాలేరుగా పనిచేసినవాడే.

పాలేరుగా పెరిగిన బాలుడు

1815 ఆగస్టు 16న ఉత్తర ఇటలీలోని పీడ్‌మాంట్ ప్రాంతంలో, బెక్కి అనే చిన్న పల్లెలో జాన్ జన్మించాడు. అతనికి రెండేళ్ళు నిండకముందే, 1817లో, తండ్రి ఫ్రాన్సిస్ న్యుమోనియాతో కన్నుమూశాడు. ఆ ఏడాది ఆ ప్రాంతమంతటా కరువు. తల్లి మార్గరీత మీద ముగ్గురు మగపిల్లల భారం, మంచాన ఉన్న అత్తగారి భారం పడ్డాయి. ఆమెకు చదువు రాదు. అయినా జపాలు, సత్యోపదేశం నోటితో చెప్పి నేర్పింది. పని చేయకుండా తినరాదనీ, ఉన్నదానిలో బిచ్చగాడికి ఒక ముద్ద తీసి పెట్టాలనీ బిడ్డలకు తన నడవడితో నేర్పింది.

జాన్‌కు చదువు మీద ఎంతో ఆశ. కాని తండ్రి మొదటి భార్య కుమారుడైన ఆంటోనికి అది గిట్టలేదు. పొలం పని చేసుకొనేవాడికి పుస్తకం ఎందుకన్నది అతని వాదన. ఈ వాదన మన పల్లెల్లో నేటికీ వినబడేదే. ఇంట్లో రోజూ గొడవలు పెరగడంతో మార్గరీత గుండె రాయి చేసుకొని, 1828లో పన్నెండేళ్ళ జాన్‌ను మోలియా అనే రైతు కుటుంబం దగ్గరకు పనికి పంపింది. అక్కడ అతడు సుమారు రెండేళ్ళు పాలేరుగా ఉన్నాడు. పశువులను మేపుతూ, దుక్కి దున్నుతూ, దొరికిన కాస్త తీరికలో పుస్తకం తెరిచేవాడు.

తరువాత కలోస్సో అనే వృద్ధ గురువు అతని తెలివిని గుర్తించి లాటిను నేర్పడం మొదలుపెట్టారు. ఏడాది తిరిగేసరికి, 1830లో, ఆయన మరణించారు. జాన్ ఆశలన్నీ కూలిపోయాయి. అయినా అతడు వెనుదీయలేదు. కాస్టెల్‌నువోవో అనే ఊరిలో బడికి వెళుతూ, ఒక దర్జీ దగ్గర ఉండి కుట్టుపని నేర్చుకున్నాడు. కమ్మరి కొలిమి దగ్గర కూడా కొంతకాలం పనిచేశాడు. 1831లో చియేరి పట్టణంలోని పాఠశాలలో చేరినప్పుడు అతనికి పదహారేళ్ళు. తనకంటే ఎంతో చిన్నవారైన పిల్లల మధ్య కూర్చొని చదవవలసి వచ్చింది. బస కోసం ఒక కాఫీ హోటలులో పనిచేసి, మిఠాయిలు చేయడం కూడా నేర్చుకున్నాడు.

ఆనాడు పొట్టకూటికోసం నేర్చుకున్న ఈ పనులే తరువాత ఆయన చేతిలో పెట్టుబడి అయ్యాయి. పిల్లలకు సూదీదారం, సుత్తీ పట్టుకోవడం చూపించడానికి ఆయన మరొకరిని వెదకవలసిన అవసరం మొదట్లో రాలేదు.

చెరసాలలో తెలిసిన సత్యం

1835లో జాన్ చియేరి గురువిద్యాలయంలో చేరాడు. 1841 జూన్ 5న ట్యూరిన్ నగరంలో గురుపట్టాభిషిక్తుడయ్యారు. పునీత జోసెఫ్ కఫాస్సో ఆయనకు ఆత్మీయ మార్గదర్శి. కఫాస్సో గారు ఈ యువ గురువును ట్యూరిన్ చెరసాలలకు తీసుకువెళ్ళారు. పన్నెండు నుండి పద్దెనిమిదేళ్ళ వయసు పిల్లలు అక్కడ పేలు పట్టి, ఆకలితో పడి ఉండడం డాన్ బోస్కో చూశారు. అంతకంటే ఆయనను కలచివేసిన విషయం ఇంకొకటి ఉంది. విడుదలై వెళ్ళిన పిల్లల్లో ఎందరో కొన్నాళ్ళకే మళ్ళీ అదే గదికి తిరిగి వచ్చేవారు. బయట వారికోసం ఎదురుచూసేవారు లేరు, చేతిలో పని లేదు, నిలబడే నీడ లేదు. చెరసాల తలుపు దగ్గర మొదలుపెట్టే సహాయం ఆలస్యంగా వచ్చిన సహాయమని, అంతకు ముందే బాలుణ్ణి కలుసుకోవాలని ఆయన నిశ్చయించుకున్నారు.

1841 డిసెంబరు 8, నిష్కళంకమాత మహోత్సవం. పునీత అస్సీసీ ఫ్రాన్సిస్ దేవాలయంలో ఆయన దివ్యబలి పూజకు సిద్ధమవుతున్నారు. ఒక పదహారేళ్ళ కుర్రాడు వచ్చి ఒక మూల నిలబడ్డాడు. పూజలో సహాయం చేయడం రాదన్నందుకు గుడి పనివాడు వాణ్ణి కొట్టి తరిమాడు. డాన్ బోస్కో వెంటనే ఆ కుర్రాణ్ణి వెనక్కు పిలిపించి, తన స్నేహితుడని చెప్పి, పూజ అయ్యాక ఆప్యాయంగా మాట్లాడారు. వాడి పేరు బర్తలోమియో గరెల్లి. ఊరు ఆస్తి. పని తాపీ మేస్త్రీల దగ్గర కూలి. తల్లిదండ్రులు లేరు, చదవడం రాయడం రాదు. ఒక్క మంగళవార్త జపంతో ఆ రోజు వాడి సత్యోపదేశం మొదలైంది. తరువాతి ఆదివారాలలో వాడు తన తోటివారిని వెంటబెట్టుకొని వచ్చాడు. అప్పుడు ట్యూరిన్ వేగంగా పెరుగుతున్న నగరం. కట్టడం పనులకోసం పల్లెలనుండి, కొండ ప్రాంతాలనుండి కుర్రాళ్ళు గుంపులుగా వచ్చేవారు. వారి మేస్త్రీకి వారి చేతులు తెలుసు, పేర్లు తెలియవు.

ఆటలు, పాటలు, ప్రార్థన, పాపసంకీర్తనం, చదువు కలిసిన ఈ ఆదివారపు కూటమి వందలమందికి పెరిగింది. అల్లరి భరించలేక ఒక్కొక్కచోటినుండి వారిని పొమ్మన్నారు. గురువుకు మతి చలించిందని తోటివారే అనుకున్నారు. చివరకు 1846 ఏప్రిల్ 12న, పాస్కా ఆదివారంనాడు, వల్దోక్కో పేటలో పినార్ది అనే అతని పాకలో వారికి నిలకడైన చోటు దొరికింది. ఆ వేసవిలోనే డాన్ బోస్కో ప్రాణాపాయమైన జబ్బు పడ్డారు. కూలి చేసుకొనే ఆ పిల్లలు ఉపవాసాలుండి ప్రార్థించారు. కోలుకున్నాక తన మిగిలిన జీవితమంతా వారిదేనని ఆయన తీర్మానించుకున్నారు. ఆ నవంబరులో తల్లి మార్గరీత బెక్కిలోని తన ఇల్లు విడిచి ఆయన వెంట నడిచి వచ్చింది. పదేళ్ళపాటు, 1856లో మరణించేవరకు, ఆ అనాథలందరికీ వండి పెట్టి, బట్టలు కుట్టి అమ్మగా నిలిచింది. మొదట్లో ఒక రాత్రి ఆశ్రయమిచ్చిన కుర్రాళ్ళు తెల్లవారేసరికి దుప్పట్లు ఎత్తుకుపోయారు. అయినా ఆ తలుపు మూతపడలేదు. 1847లో వానలో తడిసి వచ్చిన ఒక అనాథ బాలునితో వసతిగృహం ఆరంభమైంది.

అక్షరం, పని, ఒప్పందం

డాన్ బోస్కో దానధర్మాలతో తృప్తి చెందలేదు. పగలంతా కూలికి పోయే పిల్లలకోసం రాత్రిబడి పెట్టారు. తగిన పుస్తకాలు లేకపోతే తానే రాశారు. ఒక ఉదాహరణ చూడండి. 1850నుండి ఆ రాజ్యంలో మీటరు, కిలో లెక్కల కొత్త కొలతలు అమలులోకి రానున్నాయి. లెక్క తెలియని కూలివాణ్ణి దుకాణదారు, మేస్త్రీ ఇద్దరూ మోసం చేస్తారని గ్రహించి, 1849లో ఆ కొలతలను తేలిక మాటల్లో వివరించే చిన్న పుస్తకం ఆయన అచ్చువేయించారు. 1850లోనే పిల్లలతో ఒక పరస్పర సహాయ సంఘం పెట్టించారు. ఆదివారం ఆదివారం ఒక్కొక్కరు ఒక చిన్న నాణెం వేయాలి. జబ్బుపడినవానికి, పని దొరకనివానికి ఆ సొమ్ము ఆసరా.

ఆయన జీవితంలో నా మనసును ఎక్కువగా ఆకట్టుకొనేది ఒక స్టాంపు కాగితం. అది 1852 ఫిబ్రవరిలో ఒక వడ్రంగి మేస్త్రీకీ, అతని దగ్గర పని నేర్చుకొనే కుర్రాడికీ మధ్య రాసుకున్న ఒప్పందం. మేస్త్రీ పని పూర్తిగా నేర్పాలి. తప్పు చేస్తే మాటతో దిద్దాలి, చేయి చేసుకోరాదు. వృత్తికి సంబంధం లేని చాకిరీ చేయించరాదు. ఆదివారాలు, పండుగలు విడిచిపెట్టాలి. ఏటేటా కూలి పెంచాలి. కుర్రాడు కూడా విధేయతతో, శ్రద్ధతో పనిచేయాలి. ఆ కాగితం మీద డాన్ బోస్కో కూడా సంతకం చేశారు. బాలకార్మికులను కాపాడే చట్టాలు పేరుకైనా సరిగా లేని కాలంలో ఒక గురువు పూజాపీఠం దగ్గరనుండి వడ్రంగి కొట్టు గుమ్మం దాకా వెళ్ళి పిల్లవాడి పక్షాన నిలబడ్డారు.

నగరంలోని పనిశాలలలో పిల్లలు చెడు సావాసాలకు లోనవుతున్నారని చూసి, 1853లో తన ఇంటిలోనే చెప్పులు కుట్టే పని, దర్జీ పని ప్రారంభించారు. 1854లో పుస్తకాల బైండింగు, 1856లో వడ్రంగం, 1862 నాటికి అచ్చుయంత్రం, కమ్మరం కూడా వచ్చాయి. ఇవన్నీ ఒక్కసారి పెట్టినవి కావు. ఒక గది, రెండు బల్లలు, ఒక పనివాడు, నలుగురు పిల్లలు అన్నట్టుగా అంచెలంచెలుగా పెరిగినవి.

1859లో తన దగ్గర పెరిగిన యువకులతోనే సలేసియన్ సభకు పునాది వేశారు. ఆడపిల్లల సంగతి కూడా ఆయన మరువలేదు. మోర్నేసె అనే పల్లెలో మరియ మజ్జరెల్లో అనే రైతుబిడ్డ ఉండేది. 1860లో విషజ్వరం వచ్చి, పొలం పని చేసే శక్తి కోల్పోయింది. దిగులుపడి కూర్చోకుండా తాను కుట్టుపని నేర్చుకొని, ఊరి ఆడపిల్లలకు కుట్టుతోపాటు దైవభక్తినీ నేర్పసాగింది. 1872లో డాన్ బోస్కో ఆమెతో కలిసి మరియమాత సహాయ పుత్రికల సభను స్థాపించారు. ఆ పల్లెటూరి కుట్టుగదినుండి బయలుదేరిన మఠకన్యలు నేడు లోకమంతటా ఉన్నారు. మజ్జరెల్లో కూడా పునీతురాలే.

బెత్తానికి బదులు వివేకం, దైవభక్తి, ప్రేమ అనే మూడింటితో పిల్లలను పెంచాలన్నది ఆయన పద్ధతి. పిల్లవాణ్ణి ప్రేమిస్తే చాలదు, తాను ప్రేమించబడుతున్నానని వాడికి తెలియాలన్నది ఆయన పట్టుదల. మనిషి ఎవరి అవసరానికో పనిముట్టు కాడని, తనకంటూ ఒక గమ్యమున్న వ్యక్తి అని తత్వశాస్త్రం బోధిస్తుంది. డాన్ బోస్కో ఆ పాఠాన్ని చెప్పులు కుట్టే బల్ల మీద బోధించారు.

1888 జనవరి 31న ఆయన పరమపదించారు. 1934 ఏప్రిల్ 1న, పాస్కా పండుగనాడు, పదకొండవ భక్తినాథ పోపుగారు ఆయనను పునీతునిగా ప్రకటించారు. ఆయన సభ గురువులు 1906లో తంజావూరులో అడుగుపెట్టారు. మన విజయవాడలో, రైలుస్టేషను పరిసరాల్లో దిక్కులేక తిరిగే పిల్లలకోసం 1989లో మొదలైన నవజీవన్ బాలభవన్ ఆ వల్దోక్కో పాకకు మన గడ్డమీద మొలిచిన కొమ్మే.

మన పల్లెల మాట

ప్రియ పాఠకులారా! రైలుస్టేషనులో చేరదీయవలసిన పిల్లవాడు ఏదో ఒక పల్లెనుండి బయలుదేరినవాడేనని మరువకూడదు. మన మైలవరం, రెడ్డిగూడెం, విస్సన్నపేట ప్రాంతం మామిడి తోటలకు పేరు. కాపు చేతికి వచ్చే వేసవి నెలలే పిల్లల పరీక్షల కాలం కూడా. పదో తరగతి తప్పిన కూలివారి బిడ్డ ఆ వేసవిలో తోటకు వెళితే, మళ్ళీ పుస్తకం ముట్టుకోకుండానే పట్నంలో సెంట్రింగు పనికి వెళ్ళిపోవడం సులభం. పదేళ్ళ తరువాత కూడా వాడు కూలిగానే మిగిలితే, ఆ తప్పు వాడి తెలివిలో ఉందా, వాడి పక్కన నిలబడని మనలో ఉందా?

ఆరు నుండి పద్నాలుగేళ్ళ పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య హక్కుగా ఇస్తూ 2009లో చట్టం వచ్చింది. మేస్త్రీ దగ్గర కాదు, కర్మాగారంలోనే జీతం తీసుకుంటూ పని నేర్చుకొనేందుకు అప్రెంటిస్ చట్టం 1961నుండి ఉంది. ఐ.టి.ఐ.లలో వెల్డరు, ప్లంబరు వంటి కొన్ని పనులకు ఎనిమిదో తరగతి చదివినవారికీ ప్రవేశం ఉంది. ఈ దారులు ఉన్నాయని మన కుర్రాళ్ళలో ఎందరికి తెలుసు? దరఖాస్తు నింపేవారు, పట్నం దాకా తోడు వెళ్ళేవారు, మొదటి నెల బస చూసేవారు ఎందరు?

ఇందుకు పెద్ద భవనాలు అక్కరలేదు. సాయంకాలం గుడి వసారాలో ఒక దీపం, చదువుకున్న ఒక యువతి లేక యువకుడు ఉంటే రాత్రిబడి నడుస్తుంది. మన సంఘంలోని వడ్రంగి, కరెంటు పనివాడు, కుట్టుపని తెలిసిన తల్లి, ఒక్కొక్కరు ఇద్దరేసి పిల్లలకు పని నేర్పితే అదే మన మొదటి పనిశాల. ఉపదేశిగారు, మరియదళ సభ్యులు ఇల్లిల్లూ తిరిగేటప్పుడు జపమాల చెప్పించడంతోపాటు ఆ ఇంట బడి మానిన బిడ్డ ఉన్నాడా అని అడగవచ్చు.

ఈ పండుగనాడు ఆయన పటానికి పూలదండ వేద్దాం. దానితోపాటు విచారణలో ప్రతి కుటుంబమూ బడి మానిన ఒక్క బిడ్డ పేరు రాసి పూజాపీఠం దగ్గర అర్పించి, ఏడాదిపాటు ఆ బిడ్డ చదువుకో, పనికో పూచీ పడదాం. పాలేరు బాలుణ్ణి పునీతుణ్ణి చేసిన దేవుడు మన పల్లె పిల్లలను కూడా నిలబెట్టునుగాక. పునీత డాన్ బోస్కో మన యువతకోసం ప్రార్థించునుగాక.