జైలు గోడల మధ్య చట్టం విలువ తెలుసుకున్న దుర్గాబాయి

ఆలూరు ప్రాంతంలో ఏ నికాహ్ సభకు వెళ్లినా మెహర్ ఎంతో అందరి ముందూ ప్రకటిస్తారు. కాపురం చెడిన నాడు ఆ మెహర్ కోసం, పిల్లల పోషణ కోసం ఏ గుమ్మం ఎక్కాలో మాత్రం మన ఆడపడుచుల్లో చాలామందికి తెలియదు. ఆ గుమ్మాల్లో కుటుంబ న్యాయస్థానం ఒకటి. అటువంటి కోర్టులు మన దేశంలో కావాలని ముందుగా అడిగినవారిలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ ముఖ్యురాలు. ఆమె జీవితాన్ని ఈ శుక్రవారం మన పాఠకులతో కలిసి తలచుకుంటున్నాము.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. ఎనిమిదో ఏటనే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురం వద్దన్నారు. ఇంటివారు ఆమె మాట మన్నించారు. బాల్య వివాహాలను అడ్డుకునే శారదా చట్టం 1929లో గానీ రాలేదు కనుక, ఆ పిల్లకు ఇంటివారి మంచితనమే అండ. అందరి ఇళ్లలోనూ అలాంటి తండ్రి ఉండడు కదా!

1921లో గాంధీజీ కాకినాడకు వచ్చారు. దేవదాసీలను, ఘోషా పాటించే ముస్లిం స్త్రీలను ఆయనతో కలపాలని పన్నెండేళ్ల దుర్గాబాయి పట్టుబట్టారు. అయిదు వేల రూపాయల నిధి సేకరిస్తే చూద్దామన్నారు స్థానిక పెద్దలు. ఆమె ఆ డబ్బు పోగుచేసి చూపించారు, సభ జరిగింది. బుర్ఖా వేసుకున్న మన స్త్రీలను ఎవరూ లెక్కలోకి తీసుకోని రోజుల్లో ఒక హిందూ బాలిక గుర్తుపెట్టుకోవడం మాకు గొప్పగా తోస్తుంది.

1930లో ఉప్పు సత్యాగ్రహంలో అరెస్టయ్యారు. ఆ తరువాత కూడా జైలుకు వెళ్లారు. వెల్లూరు, మధుర జైళ్లలో హత్యానేరం మీద శిక్ష పడిన స్త్రీల పక్కన ఉండవలసి వచ్చింది. వారి కథలు విన్నారు. కొందరు చేయని నేరాన్ని ఒప్పుకున్నవారు. తమ తరఫున ఏం చెప్పుకోవాలో, ఎవరితో చెప్పించుకోవాలో తెలియక శిక్ష అనుభవిస్తున్నవారు. వీరి కోసం న్యాయశాస్త్రం చదవాలని ఆమె అక్కడే నిశ్చయించుకున్నారు. చదువు అప్పటికి సగంలోనే ఆగి ఉంది. విడుదలయ్యాక మెట్రిక్ నుంచి మొదలుపెట్టి, 1942లో మద్రాసులో లా పట్టా తీసుకుని వకీలు అయ్యారు. ఈ మధ్యలోనే, 1937లో, ఆంధ్ర మహిళా సభను స్థాపించారు.

రాజ్యాంగ సభలో సభ్యురాలిగా కూర్చున్నారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. (అదే ఏడాది అక్టోబరు 1న మన ఆలూరు బళ్లారి జిల్లాను వదిలి ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది.) ఆ సంవత్సరమే చైనా వెళ్లి అక్కడి కుటుంబ న్యాయస్థానాలను చూశారు. భార్యాభర్తల తగవును దొంగతనం కేసులాగా నడపకూడదని, ముందు రాజీకి ప్రయత్నించే కోర్టు వేరుగా ఉండాలని న్యాయమూర్తులు చాగ్లా, గజేంద్రగడ్కర్‌లతోనూ, ప్రధాని నెహ్రూతోనూ చర్చించారు. చట్టం 1984లో వచ్చింది. దుర్గాబాయి అప్పటికి లేరు. 1981 మే 9న కన్నుమూశారు.

ఆ చట్టం ప్రకారం వివాహం, పోషణ, పిల్లల సంరక్షణ తగవులు కుటుంబ న్యాయస్థానానికి వెళతాయి. అది లేని చోట మామూలు కోర్టులే చూస్తాయి. తలాఖ్ పొందిన స్త్రీకి ఇద్దత్ గడిచాక కూడా సరిపోయేంత ఏర్పాటు, ఇద్దత్ లోపలే చేయాలని సుప్రీం కోర్టు 2001లో చెప్పింది. తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో, పోషణ కోరే సాధారణ చట్టం ముస్లిం స్త్రీకి కూడా వర్తిస్తుందని 2024 జూలై 10న మళ్లీ తీర్పు ఇచ్చింది. ఈ తీర్పుల మీద మన పెద్దల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. అయితే షరీఅత్ మోపిన మెహర్ బాకీని కూడా కోర్టు చేత గుర్తుచేయించుకునే స్థితికి మనవాళ్లు రావడమే మాకు ఎక్కువ బాధ కలిగిస్తోంది.

ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీకి ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతోంది. ఇందుకు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకోవాలి. నికాహ్‌నామా నకలు దగ్గర ఉంటే పని తేలికవుతుంది. ఆ నకలు పుట్టింటి పెట్టెలో ఉందో, అత్తింటి బీరువాలో ఉందో మన చెల్లెళ్లు ఒకసారి చూసుకుంటే బాగుంటుంది.